తాతయ్య పలికిన పెళ్ళి

బార్లీ చేలు పసుపెక్కిన వేళ సినిమావాళ్ళు మా ఊరికి వచ్చారు. నిజానికి వాళ్ళు వచ్చింది ఊరికోసం కాదు, మా ఇంటికోసం. అందరూ ప్రభుత్వం చెప్పిందని పాత కప్పులు పీకించి రేకులు వేయించుకున్నారు. పెంకుల కప్పూ, ముందువైపు మగవాళ్ళ గదీ, వెనక ఆడవాళ్ళ లోపలి ఇల్లూ అలాగే మిగిలినది మాదొక్కటే.

తాతయ్య వాళ్ళను గుమ్మం దగ్గరే నిలబెట్టాడు. మా తాతయ్య కొత్తవాళ్ళను భోంచేశారా అని అడగడు. ఇంటిపేరేమిటి, మీ వంశానికి మూలం ఏ ఊరు అని అడుగుతాడు.

"ప్యో అండి," అన్నాడు నల్లకళ్ళద్దాల దర్శకుడు.

"ఏ ప్యో?"

"సియోల్ నుంచి వచ్చామండి."

"బస్సు ఎక్కడ ఎక్కావని అడగలేదయ్యా. మీ వంశం ఎక్కడ పుట్టిందని అడిగాను."

దర్శకుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అతనికి తెలియదు. తాతయ్య జాలిగా చూసి తరువాతి మనిషి వైపు తిరిగాడు. హీరో వేషం వేసే అబ్బాయి జుట్టు భుజాల మీద పడుతోంది. అతన్ని తాతయ్య ఏమీ అడగలేదు. ఆడో మగో తేల్చుకోలేక ఊరుకున్నాడని అమ్మ తరువాత నవ్వింది.

అందరికంటే వెనక, వెండికాగితం అంటించిన పెద్ద పలకను వీపున మోసుకుంటూ ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఎండను ఆ పలక మీద పట్టి నటుల ముఖాల మీదికి తిప్పడం అతని పని. అతని జుట్టు కూడా మెడ దాటింది.

"నీ పేరు?"

"ఇన్‌గ్యూ అండి."

తాతయ్య చేతిలో విసనకర్ర ఆగింది. మా తరంలో మా వంశపు మగపిల్లలందరి పేర్ల చివరా గ్యూ ఉంటుంది. తాతయ్య ఇంటిపేరు అడిగాడు. మాదే. మూలం అడిగాడు. మాదే. ఎన్నో కొమ్మ అని అడిగాడు. అతను వాళ్ళ తాత నేర్పినది తడుముకోకుండా చెప్పాడు.

"అయితే నువ్వు నాకు మనవడి వరస," అన్నాడు తాతయ్య. ముఖం విప్పారింది. "కోడలా, వీణ్ణి లోపలికి తీసుకుపో. మనవాడే. పిల్లలూ, అన్నయ్యకు దండం పెట్టండి."

అక్కా నేనూ వంగి దండం పెట్టాం. ఆ పలక మీది ఎండ మా ఇద్దరి కళ్ళల్లో పడింది. అక్క కళ్ళు చిట్లించుకుని నవ్వింది.

తాతయ్య ఇంకో మాట అడిగాడు దర్శకుణ్ణి. "ఏం తీస్తారు మా ఇంట్లో?"

"పాతకాలం పెళ్ళి అండి. ఇప్పటి పిల్లలు అలాంటిది చూడను కూడా చూడలేదు."

ఆ మాట తాతయ్యకు నచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట పాత పద్ధతిలో పెళ్ళి జరిగినా, గుర్రపు వెంట్రుకల టోపీ పెట్టుకుని, పెళ్ళి క్రమాన్ని గొంతెత్తి పలికేది ఆయనే. పెళ్ళికూతురు లేవాలన్నా, వంగాలన్నా, పెళ్ళికొడుకు గిన్నె అందుకోవాలన్నా ఆయన పలకాలి. అందరూ పట్నంలో అద్దె మండపాల్లో పెళ్ళిళ్ళు చేసుకుంటున్నందువల్ల ఆయనను పిలిచి చాలాకాలమైంది.

మిగతావాళ్ళకు బడిలో బస. ఇన్‌గ్యూ అన్నయ్యకు మాత్రం మా ఇంట్లోనే.

*

పాతకాలం పెళ్ళి కంటే ముందు వాళ్ళు చాలా తీశారు. కథ ఇన్‌గ్యూ అన్నయ్య ద్వారా మాకు తెలిసింది. గిటారు వాయించే కుర్రాడూ, పెద్ద అధికారి కూతురూ సియోల్ నుంచి పారిపోయి ఒక పల్లెలో దాక్కుంటారు. పెద్దలెవరూ లేకుండా తామే పెళ్ళి చేసుకుంటారు.

హీరోయిన్ మా ప్రహరీ గోడ మీద మోకాళ్ళు కనబడే గౌనుతో కూర్చుని సిగరెట్ కాల్చింది. ఊరి ముసలమ్మలు నీళ్ళ బిందెలు దింపి మరీ చూశారు. ఏటి గట్టు మీద ముద్దు పెట్టుకున్న రోజు మల్బరీ తోట వెనక ఊరంతా ఉంది. అమ్మ నా కళ్ళు మూసింది. ఆమె వేళ్ళు వెల్లుల్లి వాసన. వేళ్ళ మధ్య సందులున్నాయి.

"మళ్ళీ అదే చేస్తున్నారేమే?" అంది పక్కింటి ముసలమ్మ. "మొదటిసారి కుదర్లేదా?"

"వెలుతురు చాల్లేదట అవ్వా."

"మా ఆయన బతికున్నన్నాళ్ళూ దీపం ఆర్పమనేవాడు. వీళ్ళకు వెలుతురు కావాలట."

అందరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. పగటిపూట, ఆరుబయట, ఒక ఆడది ఒక మగాడి జుట్టులో చేతులు పెట్టడం నేను అంతవరకూ చూడలేదు. పక్కకు తిరిగి చూస్తే అక్క ఆ ఇద్దరినీ చూడడం లేదు. వాళ్ళ మీదికి ఎండను తిప్పుతున్న మనిషిని చూస్తోంది.

అది నాకు తప్పుగా తోచలేదు. అతను అన్నయ్య. ఇంకే మగవాడైనా మా లోపలి ఇంటి గుమ్మం తొక్కితే తాతయ్య కర్ర విరిగేది. అన్నయ్య మాత్రం వంటింటి గడప మీద కూర్చుని వెల్లుల్లి ఒలిచేవాడు.

"మగపిల్లాడివి, వంటింట్లో ఏం పనిరా నీకు?" అనేది అమ్మ, అంటూనే అన్నం మీద ఇంకో ముద్ద వడ్డించేది.

"సియోల్‌లో నేనే వండుకుంటాను పిన్నీ."

"అందుకే చీపురుపుల్లలా ఉన్నావు."

"మా గాడిదకు కూడా వేసవిలో జుట్టు కత్తిరిస్తాం అన్నయ్యా," అనేది అక్క పాలకూర ఆకులు కడుగుతూ. "నీకు ఉక్కపోయదా?"

"పోస్తుంది ఓక్‌జూ. కానీ కత్తిరించుకుంటే వాళ్ళు గెలిచినట్టు."

"ఎవరు?"

అతను ఇంకో వెల్లుల్లి రెబ్బ అందుకున్నాడు. అప్పట్లో పట్నాల్లో పోలీసులు కత్తెరలు పట్టుకుని తిరిగేవారు. జుట్టు పెరిగిన కుర్రవాళ్ళను రోడ్డు మీదే పట్టుకుని కత్తిరించేవారు. మాకు అది రేడియోలో విన్న సంగతి మాత్రమే.

ఒకసారి అక్క అడిగింది. "చివరికి ఆ సినిమాలో ఏమవుతుంది?"

"సెన్సారు వాళ్ళకిచ్చిన కథలో అమ్మాయి ఏడ్చి, బుద్ధి తెచ్చుకుని ఇంటికి పోతుంది."

"మీరు తీసే దాంట్లో?"

"పోదు."

అక్క చేతిలో ఆకుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. అన్నయ్య పక్కన పెట్టిన పలక కాస్త కదిలింది. ఎండముక్క ఒకటి బావి అంచు మీదుగా పాకి వచ్చి అక్క చేతుల మీద నిలిచింది. అక్క చేతులు వెనక్కి తీసుకోలేదు. ఆట అనుకున్నాను. అక్కకు ఆ శరదృతువులో ఏటి అవతలి ఊళ్ళో పెళ్ళి కుదిరి ఉంది.

*

సంతరోజున హీరో పట్నానికి వెళ్ళాడు, చల్లటి నూడుల్స్ తినాలని. మధ్యాహ్నం తిరిగొచ్చినప్పుడు అతన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. తల ఒకవైపు చర్మం కనబడేంతవరకూ గొరిగి ఉంది, రెండోవైపు జుట్టు అలాగే వేలాడుతోంది. కావాలనే సగం కత్తిరించి వదిలేశారట. తక్కినది తానే పోయి గొరిగించుకోవాలని. అతను మా చెక్క వసారా మీద కూర్చుని పెద్దగా ఏడ్చాడు. పెద్దవాడు అలా ఏడవడం చూసి అమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది.

"ఎక్కడ పట్టుకున్నారు?" అన్నాడు దర్శకుడు.

"నూడుల్స్ కొట్టు ముందు. జనం నవ్వారు సార్. చిన్నపిల్లలు కూడా నవ్వారు."

తాతయ్య ముందు గదిలోంచి వచ్చి చూశాడు. తాతయ్యకు ఆ జుట్టంటే అసహ్యమే. ఐనా ఆ తల చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. ఆయన చిన్నప్పుడు మా దేశాన్ని ఏలిన జపాను వాళ్ళు మా ముత్తాత సిగను ఇదే సంత దారిలో కోశారట. లోపలికి వెళ్ళి తన పాత గుడ్డ టోపీ తెచ్చి ఆ అబ్బాయి తల మీద పెట్టాడు.

హీరో ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు. హీరోయిన్ కూడా అతనితోనే వెళ్ళింది. మిగిలింది పెళ్ళి దృశ్యం.

దర్శకుడు రోజంతా వసారాలో తిరిగి, చివరకు తాతయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "పెద్దాయనా, వీపులు చాలు. వెనకనుంచి తీస్తాం. టోపీ కింద జుట్టు వేలాడే పెళ్ళికొడుకు ఒకడూ, పెళ్ళిబట్టల్లో ఒక అమ్మాయీ. ముఖాలు కనబడవు. పిల్లవాడు మా ఇన్‌గ్యూ ఉన్నాడు. అమ్మాయే..."

"ఊళ్ళో ఏ ఆడపిల్ల నిలబడుతుందయ్యా? పరాయి మగాడి ఎదురుగా పెళ్ళిబట్టలతో నిలబడితే రేపు దాన్నెవరు చేసుకుంటారు?"

దర్శకుడు తల వంచుకున్నాడు. తాతయ్య గడ్డం సవరించుకున్నాడు.

"మా ఓక్‌జూ నిలబడుతుంది," అన్నాడు.

అమ్మ చేతిలోని పళ్ళెం కింద పెట్టేసింది. "మావయ్యా, పెళ్ళి కుదిరిన పిల్ల."

"వాడెవడు? దానికి అన్న. అన్నాచెల్లెళ్ళు ఎదురెదురుగా నిలబడితే అది పెళ్ళెట్లా అవుతుంది? ఎవరేమంటారు? ఇంకెవరైనా ఐతే నేనే ఒప్పుకోను. వీడు కాబట్టే."

అమ్మ ఆలోచించి తల ఊపింది. అది మాకు అంత తేటగా ఉండేది. ఒకే ఇంటిపేరూ ఒకే మూలమూ ఉన్నవాళ్ళకు పెళ్ళి మా ఇళ్ళల్లోనే కాదు, చట్టంలోనూ లేదు. ఎవరూ నమోదు చేయరు. నిప్పును నిప్పుతో ముడివేయడం ఎవరూ అనుకోనట్టు అదీ ఎవరూ అనుకోరు.

*

పెరట్లో చాపలు పరిచి ఎత్తు బల్ల వేశారు. బల్ల మీద దేవదారు కొమ్మ, వెదురు కొమ్మ, చెస్ట్‌నట్లు, రేగుపళ్ళు. నీలం గుడ్డలో చుట్టిన పుంజూ ఎర్ర గుడ్డలో చుట్టిన పెట్టా తలలు బయటపెట్టి అందరినీ చూస్తున్నాయి. ఊరంతా వచ్చింది. అక్కకు అమ్మ పెళ్ళినాటి బట్టలు కట్టారు, బుగ్గల మీద ఎర్రటి బొట్లు అంటించారు. పెళ్ళికూతురు చేయి పట్టి లేపి కూర్చోబెట్టే తోడుపిల్లగా నన్ను నిలబెట్టారు.

"తాతగారూ, మీకు ఏది తోస్తే అది అనండి," అన్నాడు దర్శకుడు. "ఈ కెమెరాకు చెవుల్లేవు. గొంతులు తరువాత సియోల్‌లో ఇంకెవరిచేతనో పలికిస్తాం."

తాతయ్య అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. తెల్ల అంగరఖా తొడుక్కుని, గుర్రపు వెంట్రుకల టోపీ గడ్డం కింద ముడివేసుకుని, తూర్పుకు తిరిగి నిలబడ్డాడు. "నాకు సగం పలకడం రాదు," అన్నాడు.

ఆ గొంతు నేను పుట్టాక అంత పెద్దగా వినలేదు. పాత చైనా మాటల్లో ఒక్కొక్క వాక్యం సాగదీసి పలికాడు. పెళ్ళికొడుకు వచ్చి, విడిపోని జంటకు గుర్తైన చెక్క హంసబొమ్మను పెట్టాడు. చేతులు కడుక్కున్నారు. అక్క వంగింది. నేను ఆమె మోచేయి పట్టుకుని ఉన్నాను. మొదట నా మీదే బరువు వేసింది. వంగి లేచేటప్పుడు నా ఆసరా తీసుకోలేదు.

కెమెరా గరగర మధ్యలో ఆగిపోయింది. ఫిల్ము చుట్ట అయిపోయిందట.

"చాలు, చాలు. బ్రహ్మాండంగా వచ్చింది," అన్నాడు దర్శకుడు.

తాతయ్య ఆగలేదు. ఎండు సొరకాయ బుర్రను రెండుగా కోసిన గిన్నెల్లో సారా పోయమని పలికాడు. పోశారు. పెళ్ళికొడుకు తాగాలని పలికాడు. ఇన్‌గ్యూ అన్నయ్య గిన్నె ఎత్తి చివరి చుక్క వరకూ తాగాడు. రెండో గిన్నె నా చేతికి వచ్చింది, నేను అక్క పెదవులకు అందించాను. ఇటువంటి చోట ఆడపిల్ల పెదవి తడిపి వదిలేస్తుంది. అక్క తాగింది. అంతా. గిన్నె వెనక నుంచి అతన్ని చూసింది. ఆ చూపు నాకు ఇంత దగ్గరగా ఉంది. గిన్నె జారిపోకుండా పట్టుకోవడమే నేను చేయగలిగింది.

ఊరి జనం మాత్రం పుంజు తాడు తెంపుకుందని నవ్వుతున్నారు.

ఆ రోజు నా డైరీలో తేదీ వేశాను. దాని కింద ఏమీ రాయలేకపోయాను.

*

సినిమావాళ్ళు వెళ్ళిపోయారు. నాట్లు మొదలయ్యాయి. వానలు పట్టిన ఒక పొద్దున పెళ్ళిళ్ళు కుదిర్చే హన్ పెద్దమ్మ గొడుగు ముడుచుకుంటూ వచ్చి, ఏటి అవతలి వాళ్ళు ముహూర్తం అడుగుతున్నారని చెప్పింది. తాతయ్యా ఆమే ముందు గది వసారాలో కూర్చున్నారు. అమ్మ తలుపు పక్కన. నేను ఆవిడ తడి చెప్పులు ఆరబెడుతున్నాను. అక్క బార్లీ టీ తెచ్చి పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"పిల్ల ఇంకా నవనవలాడుతోందే," అంది పెద్దమ్మ. "అత్తగారు నీ చేతి పులుసు కోసం ఎదురుచూస్తోందే అమ్మాయ్."

"నాకు పెళ్ళయింది పెద్దమ్మా," అంది అక్క.

పెద్దమ్మ నవ్వింది. "ఎప్పుడే? నాకు భోజనం పెట్టకుండానే?"

"ఈ పెరట్లోనే. మీరూ వచ్చారు."

నవ్వు ఆమె ముఖం మీదే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. "అది సినిమా కదే. వాడు నీకు అన్న కదే."

అమ్మ నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది, మాట కాదు. పరుగెత్తి వచ్చి అక్క వీపు మీద కొట్టింది, మళ్ళీ కొట్టింది. "ఏం మాట్లాడుతున్నావే? నీకు పుట్టేవాళ్ళను ఎవరి పేరున రాస్తారే? జంతువులమా మనం? లోపలికి నడు."

అక్క కదలలేదు. తాతయ్యనే చూస్తోంది.

"ఓక్‌జూ," అన్నాడు తాతయ్య. చాలా నెమ్మదిగా అన్నాడు. "గిన్నె తాగావా?"

"తాగాను తాతయ్యా."

"తెలిసేనా?"

"తెలిసే."

"వాడు?"

"తనూ తెలిసే."

పెద్దమ్మ ముందుకు జరిగింది. గొంతు తగ్గించింది. "పెద్దాయనా, చిన్నపిల్ల ఏదో వాగింది. ఈ గోడలు దాటి నేను ఒక్క మాట పోనివ్వను. ఈ నెల్లోనే కానిచ్చేద్దాం. మీరే అన్నారు కదా ఆ రోజు, అది పెళ్ళెట్లా అవుతుందని. ఆటేనని మీరు ఒక్క మాటంటే చాలు."

తాతయ్య తన మోకాళ్ళ మీది చేతులను చూసుకున్నాడు. "అన్నాను," అన్నాడు. "ఆటైతే నేను ఆ టోపీ ఎందుకు పెట్టుకున్నాను?"

"ఊరికే సరదాకి..."

"నేను ఎప్పుడైనా సరదాకి పలికానా?"

ఆమె గొడుగు అందుకుంది.

"వాళ్ళకు చెప్పు," అన్నాడు. "ఈ పిల్లకు క్రమం జరిగిపోయింది. నేనే పలికాను. రెండోసారి ఇవ్వడం కుదరదు."

అమ్మ వసారా అంచున కూలబడింది. ఆయన అరుస్తాడని, కర్ర తీస్తాడని, తాళం వేస్తాడని అనుకున్నాను. ఆ మాట అంటాడని కలలో కూడా అనుకోలేదు. ఆ మాటతో మా వంశం మొత్తం ముందు ఆయన తల దించుకోవాలి. పెద్దలు ఆయనను పితృపూజల్లో ముందు వరుసలో నిలబడనివ్వరు. అది ఆయనకే అందరికంటే బాగా తెలుసు.

"వాణ్ణి రమ్మను," అన్నాడు అక్కతో. "వాడితో వెళ్ళిపో. నేను బతికుండగా ఈ గుమ్మం తొక్కొద్దు, ఇద్దరూను."

తలుపు మూసుకున్నాడు.

*

ఇన్‌గ్యూ అన్నయ్య వచ్చిన రోజు వాన తెరిపిచ్చింది. అతని తల నున్నగా గొరిగి ఉంది. సియోల్ స్టేషన్‌లో దిగగానే పట్టుకున్నారట. లోపలికి రాలేదు, వాకిలి బయట బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అమ్మ అటు చూడలేదు. కానీ మూటలో నువ్వుల నూనె సీసా, ఎండుమిరప పొడి, తన పెళ్ళినాటి పరుపు గుడ్డ కట్టింది.

అక్క వెళ్ళేముందు ముంగిట్లో, తాతయ్య గదికి ఎదురుగా నిలబడింది. మూసిన తలుపుకు పెట్టే దండం దండం కాదు, ఎవరూ అందుకోనట్టే. అక్క నిలబడే ఉంది. బస్సు వేళ దగ్గరపడుతోంది. అమ్మ "ఇక చాలు, నడు," అంది. అప్పుడు కాగితపు తలుపు పక్కకు జరిగింది. తాతయ్య టోపీ పెట్టుకుని, అంగరఖా తొడుక్కుని, నిటారుగా కూర్చుని ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

అక్క చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి నుదుటి దాకా ఎత్తింది. ఆడవాళ్ళు శుభానికి వంగేటప్పుడు కుడిచేయి పైన ఉండాలి. ఎడమచేయి పైన ఉంటే అది చనిపోయినవాళ్ళకు పెట్టే దండం. అక్క ఎడమచేయి పైన పెట్టింది. అమ్మ ఊపిరి ఆగడం నాకు వినబడింది. బతికుండగా రావద్దన్న మనిషికి ఇక పెట్టగలిగేది అదే అనుకుందేమో. చేతులు నుదుటి దగ్గరే ఆగిపోయాయి. తరువాత మెల్లగా మార్చుకుంది. కుడిది పైకి వచ్చింది. అలాగే వంగి, తడినేలకు నుదురు ఆనించి, లేచి వెళ్ళిపోయింది.

బస్సు ఏటి మలుపు తిరిగాక తాతయ్య నన్ను పిలిచాడు.

"పిల్‌నమ్, నేను కళ్ళు మూసుకున్నాను. సరిగ్గా చేసిందా?"

"చేసింది తాతయ్యా."

"ఏ చెయ్యి పైన పెట్టింది?"

"కుడిది."

ఆయన టోపీ ముడి విప్పుతూ ఆగాడు. "మొదటినుంచీనా?"

మా ఇంట్లో దండం విషయంలో ఎవరూ అబద్ధమాడరు. నేను ఆయన ముఖంలోకి చూస్తూ ఎప్పుడూ మాట్లాడలేదు కూడా. అప్పుడు చూశాను.

"మొదటినుంచీ," అన్నాను.